తమ్ముడి సైకిల్ వరదలో మునిగింది... హబ్‌లో ఆయిల్ నేనే మార్చవచ్చా?

విజయవాడ సింగ్‌నగర్ వైపు నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం చెబుతాను.

ఆవిడ జూనియర్ కాలేజీలో లెక్చరర్. తమ్ముడు జర్మనీలో ఎమ్మెస్ చదివేటప్పుడు పార్ట్‌టైమ్ ఉద్యోగం డబ్బులు కూడబెట్టి ఒక మంచి సైకిల్ కొనుక్కున్నాడు. డిస్క్ బ్రేకులు, వెనక చక్రం మధ్యలో లావుపాటి హబ్, దాని లోపలే పదకొండు గేర్లు. హబ్ మీద ‘షిమానో ఆల్ఫీన్’ అని ఉందట. చదువయ్యాక సైకిల్‌ని కూడా ఇంటికి చేర్చాడు. తర్వాత ఉద్యోగానికి అమెరికా వెళ్తూ, “అక్కా, ఊరికే మూల పడెయ్యకు, తొక్కుతూ ఉండు” అని ఈవిడకి అప్పజెప్పాడు. ఆవిడ నిజంగానే తొక్కారు. పొద్దున్నే కాలేజీకి ముందు ఒక గంట తనదంటూ మిగిలింది ఆ సైకిల్ వల్లే అంటారు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగింది. మనుషులు మేడ మీద ఉండి బయటపడ్డారు కానీ కింద పార్కింగ్‌లో ఉన్న సైకిల్ రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయింది. నీళ్లు తీశాక భర్త దాన్ని కూడా బైకుతో పాటు వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చి బురద వదలగొట్టించారు. ఆ తర్వాత చాలాకాలం అది బాల్కనీలో ఉంది. ఈ మధ్య మళ్లీ తొక్కుదామంటే గేరు మీట బిగుసుకుపోయి కదలడం కష్టంగా ఉంది. నడిమి గేర్లలో గట్టిగా తొక్కితే పెడల్ ఒక్కసారిగా జారిపోతోంది. హబ్ కుడి పక్క నల్లటి జిడ్డు ఊరుతోంది.

దగ్గర్లోని మెకానిక్, “హబ్ విప్పి డీజిల్‌తో కడిగి నిండా గ్రీజు పెట్టేస్తాను, ఇక చూసుకోనక్కర్లేదు మేడమ్” అన్నాడు. బావగారి అబ్బాయి వీడియోలు చూసి, “దీంట్లో ఉండేది గ్రీజు కాదు పిన్నీ, ఆయిల్. మనమే మార్చేద్దాం” అంటూ మందుల షాపులో సిరంజి, బండికి పోసే ఇంజిన్ ఆయిల్ తెచ్చిపెట్టాడు. భర్త, “దాన్ని ఎవరికైనా ఇచ్చేసి మామూలు సైకిల్ కొనుక్కో” అంటున్నారు. తమ్ముడు సంక్రాంతికి వస్తున్నాడు. సైకిల్ మునిగిన సంగతి అతనికి ఇంతవరకు తెలియదు. ఫోన్లో అడిగినప్పుడల్లా ఈవిడ “బాగుంది” అనే చెబుతున్నారు. “పండక్కి వచ్చేవాడి మనసు ఇప్పుడే ఎందుకు పాడుచెయ్యడం” అని అమ్మగారి మాట. ఆవిడ ప్రశ్న: “నేను చెయ్యి పెడితే పాడవుతుందా, పెట్టకపోతే పాడవుతుందా? వాడికి ఏం చెప్పాలి?”

మీకు సలహా ఇస్తున్నవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో పని గురించి మాట్లాడుతున్నారు. మీరేమో అవన్నీ కలిపి ఒకే పెద్ద గండం అనుకుని టెన్షన్ పడుతున్నారు. మెకానిక్ చెప్పేది హబ్ విప్పడం. అబ్బాయి చెప్పేది విప్పకుండా ఆయిల్ మార్చడం. ఈ రెండూ పూర్తిగా వేర్వేరు పనులు. ఆయిల్ మార్చడానికి చక్రం కూడా ఊడదీయక్కర్లేదు. హబ్ ఒంటి మీద ఒక చిన్న బోల్టు ఉంటుంది. అది తీస్తే కనబడే రంధ్రంలోంచి సిరంజితో పాతది లాగి, కొత్తది ఎక్కించి, బోల్టు మళ్లీ పెట్టెయ్యడమే. అందులో జరిగే పొరపాట్లు చాలావరకు సరిదిద్దుకోగలిగినవి. తక్కువ పోస్తే ఇంకాస్త పోయవచ్చు, వేరేది పోస్తే లాగేసి మంచిది పోయవచ్చు. విప్పడం అలా కాదు. లోపల నడిమి పళ్లచక్రాల చుట్టూ తిరిగే చిన్న చక్రాలు, స్ప్రింగు బలంతో లేచి పళ్లకు తగులుకునే సన్నని కొక్కేలు, వాటి మధ్య బేరింగులు ఒకదానిలో ఒకటి దూర్చి ఉంటాయి. దాన్ని ముక్కలుగా విప్పుకోమని కంపెనీ కూడా చెప్పదు. పాడైతే లోపలి యంత్రం మొత్తాన్ని ఒకే భాగంగా మార్చడమే పద్ధతి.

అయినా మీ మెకానిక్‌ని తెలియనివాడని కొట్టిపారెయ్యను. ఇలాంటి హబ్బులన్నిటికీ ఒకే వైద్యం ఉండదు. ఇదే ఆల్ఫీన్‌లో ఎనిమిది గేర్ల హబ్ ఉంది. దాని లోపల గ్రీజే ఉంటుంది, ఆయిల్ పోసే రంధ్రం ఉండదు. రెండేళ్లకోసారి లోపలి యంత్రాన్ని బయటికి తీసి ప్రత్యేకమైన నూనెలో ముంచి, ఎక్కువైన నూనె కారిపోనిచ్చి, మళ్లీ పెట్టాలి. అంటే మీ మెకానిక్ చెప్పినదానికి అది కాస్త దగ్గర. ఇంకా వెనక్కి వెళ్తే, ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో తయారైన స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బులు ఉండేవి. పాత ర్యాలీ సైకిళ్లు చూసిన పెద్దవాళ్లకు గుర్తుండవచ్చు, వాటి హబ్ మీద చిన్న మూత ఉండేది. అది ఎత్తి అప్పుడప్పుడూ నాలుగు చుక్కలు వేస్తే సరిపోయేది. కాబట్టి ముందు మీదేదో రూఢి చేసుకోండి. హబ్ మీద చెక్కిన నంబరు గుడ్డతో తుడిచి చదవండి. ఎస్‌జి-ఎస్700 అనో, ఎస్‌జి-ఎస్7001-11 అనో ఉంటే అది పదకొండు గేర్లది, ఆయిల్‌తో నడిచేది. ఈ ఉత్తరంలో ఇకపై చెప్పేదంతా దానికే. నంబరు ఇంకేదైనా ఉంటే ఇక్కడితో ఆగిపోండి, అది వేరే కథ.

పదకొండు గేర్ల హబ్‌లో ఆయిల్ చేసే పని రెండు రకాలు. పళ్లు ఒరుసుకోకుండా చూడటం ఒకటి. ఒరుసుకున్నప్పుడు రాలే సన్నని లోహపు పొడిని అక్కడ నిలవనివ్వకుండా తనలో కలుపుకోవడం రెండోది. కొత్త హబ్‌కి మొదటి 1000 కిలోమీటర్ల తర్వాత ఆయిల్ మార్చమనేది ఈ పొడి వల్లే, కొత్త పళ్లు మొదట్లోనే ఎక్కువ రాలుస్తాయి. ఆ తర్వాత రెండేళ్లకోసారి, బాగా తొక్కేవాళ్లయితే 5000 కిలోమీటర్లకోసారి. మీ సైకిల్ వయసు చూస్తే వరద రాకపోయినా ఆయిల్ మార్చాల్సిన సమయం దాటిపోయిందని నా అనుమానం. కాబట్టి “పెట్టకపోతే పాడవుతుందా” అనే ప్రశ్నకు, అవును, ఇలాగే వదిలేస్తే పాడవుతుంది. లోపల నీళ్లుంటే ఇప్పటికే కొంత మొదలై ఉంటుంది. ఆ హబ్ వాన తట్టుకుంటుంది కానీ మునకకు కట్టినది కాదు. నాకు వరద కంటే వాటర్ సర్వీసింగ్ మీదే ఎక్కువ అనుమానం. నిలవనీరు హబ్ పక్కల నీళ్లు ఆపే రబ్బరు సీళ్ల దగ్గర మెల్లగా ఊరుతుంది. ఆ గన్‌తో కొట్టిన నీళ్లు బురదను కూడా కలుపుకుని సీలు దాటి లోపలికి దూరతాయి. ఇకపై ఈ సైకిల్‌ని బకెట్ నీళ్లు, తడి గుడ్డతోనే కడగండి.

అయితే ఆయిల్ జోలికి వెళ్లే ముందు ఒక పని ఉంది. ఖర్చు లేదు, సిరంజి అక్కర్లేదు, పావుగంట చాలు.

మీరు రాసిన మూడు లక్షణాల్లో రెండు, అంటే మీట బిగుసుకోవడం, నడిమి గేర్లలో జారడం, ఆయిల్ వల్ల కాకపోవచ్చు. గేరు కేబుల్ వల్ల కావచ్చు. వరద నీళ్లు ముందు చేరేది కేబుల్ తీగ ఉండే ఆ సన్నని గొట్టంలోకే. బురద ఎండి, తీగ తుప్పు పట్టి ఉంటుంది. కేబుల్ సరైన చోటికి లాగకపోతే లోపల గేరు సగమే పడుతుంది. సగం పడిన గేరు మీద బరువు వేస్తే జారుతుంది. చూడటం తేలిక. మీటని 11కి తీసుకెళ్లి, అక్కడి నుంచి 6కి దించండి. వెనక చక్రం కుడివైపు, పళ్లచక్రానికీ ఫ్రేముకీ మధ్య కేబుల్ చేరే చోట రెండు పసుపు గీతలు ఉంటాయి. 6లో ఉన్నప్పుడు అవి ఒకదానికొకటి తిన్నగా ఉండాలి. పక్కకి జరిగి ఉంటే మీట దగ్గర కేబుల్ బయటికి వచ్చేచోట ఉన్న గుండ్రటి మరను తిప్పి తిన్నగా తీసుకురండి. మళ్లీ 11కి వెళ్లి 6కి వచ్చి చూడండి. తుప్పు వల్ల గీతలు ఒకసారి ఒకచోట, ఇంకోసారి ఇంకోచోట నిలబడుతుంటే మర తిప్పి లాభం లేదు, తీగ, గొట్టం రెండూ కొత్తవి వేయించాలి. ఇది మీ మెకానిక్ కళ్లు మూసుకుని చేసే పని.

ఇక్కడ ఒక జాగ్రత్త. జారడం ఆగేదాకా ఈ సైకిల్‌ని ట్రాఫిక్‌లోకి తీసుకెళ్లకండి. సీటు మీంచి లేచి నిలబడి తొక్కేటప్పుడు పెడల్ జారితే మనిషి హ్యాండిల్ మీద పడతాడు. వెనకాల లారీ ఉన్నప్పుడు అది చిన్న విషయం కాదు.

కేబుల్ సరిచేశాక జారడం ఆగిపోతే హబ్ గురించి మీ భయం సగం తగ్గిపోతుంది. అప్పుడు కూడా ఆయిల్ మార్చాల్సిందే, కానీ తొందర ఉండదు.

ఇక అసలు పని. మీ బావగారి అబ్బాయి తెచ్చిన ఇంజిన్ ఆయిల్ సీసా బండికే వాడుకోండి. నేను చెప్పిన ఆ సన్నని కొక్కేలు స్ప్రింగు బలంతో చటుక్కున లేవాలి. బండి ఆయిల్ ఈ హబ్ కోరేదానికంటే చిక్కన, అందులో అవి బద్ధకంగా లేస్తాయి. నిండా గ్రీజు పెడితే కొన్ని అసలు లేవకుండా అంటుకుపోతాయి. అలా మళ్లీ జారుడే, ఈసారి కేబుల్ తప్పు కాదు. కుట్టుమిషన్ ఆయిల్ మరీ పలచన. కొబ్బరినూనె చైనుకి వేసే ఇళ్లు నాకు తెలుసు, దయచేసి ఇందులో వద్దు, కొన్నాళ్లకు జిగురు కడుతుంది. డీజిల్‌తో కడగడం కూడా వద్దు. అది బేరింగుల్లో ఉన్న గ్రీజుని కూడా కరిగించి పట్టుకుపోతుంది, విప్పకుండా దాన్ని పూర్తిగా బయటికి తియ్యనూ లేరు.

షిమానో ఈ హబ్ కోసమే ఎస్‌జి-ఎస్700 అనే ఆయిల్ అమ్ముతుంది, 50 మిల్లీలీటర్ల సీసా. హబ్‌లో పట్టేది 25. అంటే ఒక సీసాలో సగం కడగడానికి, సగం నింపడానికి. మీది మునిగిన హబ్ కాబట్టి ఒక కడుగుడు చాలదు, రెండు సీసాలు తెప్పించుకోండి. దానికి టీఎల్-ఎస్703 అనే పనిముట్ల సెట్టు కూడా ఉంది. హబ్ రంధ్రంలో బిగించే, మర ఉన్న చిన్న గొట్టం (నిపుల్), ట్యూబు, సిరంజి. విజయవాడలో షాపులో దొరుకుతుందని నేను ఆశపెట్టను, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. విదేశాల్లో కొందరు కార్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసే ఏటీఎఫ్ ద్రవాన్ని ఈ హబ్‌లో పోసి తొక్కుతుంటారు. కంపెనీ దానికి ఒప్పుకోదు. నా అభిప్రాయం అడిగితే, అసలు ఆయిల్ రావడం ఆలస్యమై లోపల నీళ్లున్నట్టు తేలితే, మొదటి కడుగుడుకు అది పనికొస్తుంది. చివరికి లోపల ఉండాల్సింది మాత్రం అసలుదే. తమ్ముడి సొత్తు మీద ప్రయోగాలు ఎందుకు?

మందుల షాపు సిరంజి పనికిరాదని కాదు. పాతది లాగడానికి రంధ్రంలో పట్టే సన్నని ట్యూబు దొరికితే అది చాలు. కొత్తది ఎక్కించేటప్పుడు మాత్రం మర ఉన్న నిపుల్ ఉంటే నయం, లేకపోతే ఆయిల్ పక్కలకి చిమ్మి బ్రేకు డిస్క్ మీద పడుతుంది.

నిజానికి ఈ పని మొత్తంలో నాకు అసలు భయం ఆ డిస్క్ గురించే. హబ్‌లో చిన్న తప్పు జరిగితే గేరు సరిగ్గా పడదు, అంతే. డిస్క్ మీద నూనె పడితే బ్రేకే పడదు. మొదలుపెట్టే ముందు వెనక డిస్క్‌కి ప్లాస్టిక్ కవరు చుట్టి టేపు వేయండి. జిడ్డు చేత్తో దాన్ని ముట్టుకోకండి. పొరపాటున పడితే డిస్క్‌ని స్పిరిట్‌తో తుడవవచ్చు కానీ బ్రేకు ప్యాడ్లు నూనె పీల్చుకున్నాయంటే కొత్తవి వేయించడమే.

సైకిల్‌ని స్టాండు వేసి, వెనక చక్రం గాలిలో తిరిగేలా నిలబెట్టండి. ఆయిల్ బోల్టుని ఎప్పుడూ పైకి తెచ్చాకే విప్పండి. కిందికి ఉండగా విప్పితే అంతా నేల మీదే. చుట్టూ ఉన్న మట్టి ముందే తుడిచెయ్యండి, విప్పాక తుడిస్తే అది లోపలికే పోతుంది. బోల్టుకి ఉండే సన్నని రబ్బరు రింగు జాగ్రత్త, గచ్చు మీద పడితే వెతుక్కోవడం కష్టం. నిపుల్‌ని వేళ్లతోనే తిప్పి ఎక్కించండి. హబ్ ఒళ్లు అల్యూమినియం, మర వంకరగా పట్టుకుందంటే స్పానరుతో బలవంతం చేసినకొద్దీ పళ్లు తెగుతాయి. వెనక్కి తిప్పుకోలేని తప్పు ఈ పని మొత్తంలో అదొక్కటే. అందుకే చివర్లో బోల్టు బిగించేటప్పుడు కూడా చెయ్యి ఉసూరుమనేదాకా బిగించకండి. రబ్బరు రింగు నొక్కుకుంటే చాలు, ఆయిల్ ఆపేది ఆ రింగే.

ట్యూబు, సిరంజి తగిలించాక చక్రం తిప్పి రంధ్రాన్ని అడుక్కి తెచ్చి అలాగే వదిలెయ్యండి. మామూలు హబ్‌కి కాసేపు చాలు. మీ విషయంలో రాత్రంతా వదిలెయ్యమంటాను. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుక్కి చేరతాయి, పొద్దున్నే సిరంజి లాగితే ముందు వచ్చేది అవే. మెల్లగా లాగండి, గబగబా లాగితే గాలే వస్తుంది.

లాగినదాన్ని పారబొయ్యకుండా గాజు గ్లాసులో పోసి వెలుతురులో పెట్టి చూడండి. మీరు తీసుకోవాల్సిన నిర్ణయాలన్నీ ఆ గ్లాసు మీదే ఆధారపడి ఉన్నాయి. నల్లగా ఉండి, సన్నని వెండి మెరుపు ఉంటే అది పాత ఆయిల్ సహజ రంగు, సంతోషించండి. మజ్జిగలా తెల్లగా, చిక్కగా ఉంటే నీళ్లు కలిశాయి. 25 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ వచ్చినా నీళ్లు చేరినట్టే. గోధుమ, ఎరుపు రంగులోకి తిరిగితే తుప్పు మొదలైంది. వేళ్ల మధ్య రాసి చూస్తే గరుకుగా ఇసుకలా తగిలితే బురద. గోటికి తగిలేంత లోహపు ముక్కలుంటే మాత్రం ఏదో పన్ను విరిగింది. అప్పుడు ఆయిల్ మార్చడంతో ఒరిగేదేమీ ఉండదు.

ఆ చివరిది తప్ప మిగతా ఏదైనా సరే, కడుగుడు మొదలుపెట్టండి. రంధ్రాన్ని పైకి తెచ్చి 25 మిల్లీలీటర్లు మెల్లగా ఎక్కించండి. లోపల మూసుకున్న చోటు కాబట్టి ఎక్కించినకొద్దీ గాలి ఒత్తిడి పెరుగుతుంది. మధ్యమధ్యలో సిరంజి వెనక్కి లాగి ఆ గాలిని బయటికి రానివ్వండి. అలా చెయ్యకుండా బోల్టు బిగిస్తే ఆ ఒత్తిడికి ఆయిల్ సీళ్ల దగ్గర కారుతుంది, అప్పుడు అనవసరంగా సీలు పోయిందని కంగారుపడతారు. బోల్టు పెట్టి, పెడల్ చేత్తో తిప్పుతూ ఒకటి నుంచి పదకొండు దాకా, మళ్లీ వెనక్కి, అన్ని గేర్లూ మార్చండి. తర్వాత మళ్లీ రంధ్రం అడుక్కి, మళ్లీ లాగడం. మామూలు హబ్‌కి ఇలా ఒకసారి చాలు. మీరు మాత్రం గ్లాసులోకి వచ్చేది కొత్త ఆయిల్ రంగులో కనబడేదాకా చెయ్యండి. చివరి 25 లోపల ఉంచి బోల్టు బిగించండి. లాగినప్పుడల్లా పోసినంతా తిరిగి రాదు, కొంత పళ్లకు అంటుకుని ఉండిపోతుంది, కంగారు వద్దు. కుడి పక్క ఊరే జిడ్డు కూడా తడిగా కనబడే మోతాదులో ఉంటే తుడుచుకుంటూ తొక్కవచ్చు. నేల మీద చుక్కలు పడితేనే సీలు గురించి ఆలోచించాలి.

ఈ హబ్‌ని కొత్తదానిలాగే చూడండి. రెండేళ్లు ఆగకుండా కొన్ని వందల కిలోమీటర్లు తొక్కాక ఇంకోసారి కాస్త లాగి గ్లాసులో చూడండి. రంగు బాగుంటే బతికినట్టే.

ఒకవేళ తుప్పు వచ్చిందనుకుందాం. కడిగినంత మాత్రాన తుప్పు తిన్న చోట లోహం తిరిగి రాదు, శబ్దం కొంత ఉండిపోతుంది. జారకుండా ఉంటే ఆ శబ్దంతోనే తొక్కుకోవచ్చు, చాలామంది అలాగే తొక్కుతారు. కేబుల్ సరిగా ఉన్నా జారుతూనే ఉంటే లోపలి యంత్రం మార్చాలి. అది బయటి దేశం నుంచి తెప్పించుకోవాలి, ధర కూడా తక్కువేమీ కాదు. ఇంకోదారి, ఆ వెనక చక్రం పక్కనపెట్టి మామూలు హబ్‌తో కొత్త చక్రం కట్టించి, ఒకే గేరుతో తొక్కడం. విజయవాడ నేల బల్లపరుపు కాబట్టి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు తప్ప పదకొండు గేర్ల అవసరం మీకు పెద్దగా రాదు. ఇది ఓటమి అనుకోవద్దు. ఫ్రేము, ముందు చక్రం, బ్రేకులు అన్నీ మంచివే కదా.

మీవారి సలహా కూడా దీనికి దగ్గరిదే, నేను తీసిపారెయ్యను. పొద్దున గంటసేపు తొక్కడమే మీకు కావాల్సింది అయితే మామూలు సైకిల్ ఆ పని చేస్తుంది, పాడైతే వీధి చివర బాగుచేస్తారు. కానీ “ఎవరికైనా ఇచ్చెయ్యి” అనడంలో ఒక చిక్కుంది. అది మీది కాదు. మీ తమ్ముడు మీకు ఇచ్చాడా, మీ దగ్గర పెట్టాడా అన్నది ఉత్తరంలో స్పష్టంగా లేదు, బహుశా మీ ఇద్దరి మధ్య కూడా అది తేలలేదు. “తొక్కుతూ ఉండు” అన్న మాట రెండు రకాలుగానూ వినిపిస్తుంది.

అందుకే తమ్ముడి సంగతి. నాకు కనబడుతున్న దారులు మూడు. పండగ దాకా చెప్పకుండా ఉండి, వచ్చాక ఏదైతే అది అవుతుందని ఊరుకోవడం ఒకటి, అమ్మగారి మాట అది. పండగ నాలుగు రోజులూ సంతోషంగా గడుస్తాయి. కానీ అతను ఆ సైకిల్ ఎక్కకుండా ఉండడు. ఆ హబ్ మీద ఏళ్ల తరబడి తొక్కినవాడికి వీధి మలుపు తిరిగేలోపే తెలిసిపోతుంది. అప్పుడు మాట్లాడుకునేది సైకిల్ గురించి కాదు, ఇన్నాళ్లూ ఫోన్లో చెప్పిన “బాగుంది” గురించి. రెండోది, మీరే బాగుచేసి, బాగయ్యాక చెప్పడం. గ్లాసులో నల్ల ఆయిల్ వస్తే ఇది అద్భుతంగా ఉంటుంది, “నేనే మార్చాను రా” అని గర్వంగా చెప్పుకోవచ్చు. తుప్పు వస్తే మాత్రం చెప్పకపోవడానికి తోడు “చెప్పకుండా చెయ్యి కూడా పెట్టింది” అన్నది చేరుతుంది. మూడోది, చెయ్యి పెట్టే ముందే చెప్పడం. దీనికి కూడా ఖర్చుంది. “ముట్టుకోకు, నేనొచ్చి చూస్తా” అంటాడేమో, అప్పుడు మీరు చెయ్యాలనుకున్న పని మీ చేతిలోంచి పోతుంది. అలా అంటే “నువ్వొచ్చేదాకా తుప్పు ఆగదు, వీడియో కాల్‌లో ఉండి చెప్పు, నేను చేస్తాను” అనవచ్చు. అది అబద్ధం కూడా కాదు.

మూడోదాని వైపే నా మొగ్గు. దానికి కారణం నీతి కాదు, ఈ హబ్ గురించి మీకు కావాల్సిన సమాచారం అతని దగ్గరే ఉంది. ఆఖరిసారి ఆయిల్ ఎప్పుడు మార్చాడు, ఏం పోశాడు, ఆ సిరంజి సెట్టు ఇంట్లోనే ఏ అట్టపెట్టెలోనో ఉందా? సెట్టు ఉంటే మీరు కొనాల్సింది ఆయిల్ ఒక్కటే. ఇంకో మాట. బుడమేరు వరద దేశమంతా టీవీల్లో చూసింది. మీ వీధి నీళ్లలో ఉందని అతనికి తెలుసు, సైకిల్ కింద పార్కింగ్‌లో ఉంటుందనీ తెలిసే ఉంటుంది. అయినా గట్టిగా అడగలేదంటే మీరు చెప్పేదాకా ఆగుతున్నాడేమో కూడా ఆలోచించండి. వరద మీరు తెచ్చింది కాదు. అతను కోప్పడే అవకాశం ఉన్నదల్లా వాటర్ సర్వీసింగ్ ఒక్కటి, దానికి మీవారిని ముందుకు తొయ్యకుండా మీరే చెప్పెయ్యండి.

మెకానిక్ దగ్గరికి మాత్రం తప్పకుండా వెళ్లండి, హబ్ కోసం కాదు. నీళ్లలో మునిగింది సైకిల్ మొత్తం. పెడళ్ల మధ్య ఇరుసు, హ్యాండిల్ కింది బేరింగులు, ముందు చక్రం బేరింగులు, బ్రేకు ప్యాడ్లలో ఇరుక్కున్న ఇసుక, గేరు కేబుల్, ఇవన్నీ అతని చేతిలోని పనులే. “హబ్ తమ్ముడు చూసుకుంటాడట, మిగతాదంతా నువ్వు చెయ్యి” అంటే అతనికీ చిన్నతనం ఉండదు. ఆ తెలియని హబ్ విప్పాల్సిన పని తప్పినందుకు లోపల సంతోషించినా సంతోషిస్తాడు.

లాగిన పాత ఆయిల్‌ని ఫోటో తీసి పెట్టుకోండి, తమ్ముడికి మాటల్లో చెప్పలేనిది అదే చెబుతుంది. తర్వాత దాన్ని బాత్‌రూమ్‌లోనో కాలువలోనో పొయ్యకండి. సీసాలో పోసి, బైకు సర్వీసు షెడ్డుకి వెళ్లినప్పుడు వాళ్లు పాత ఇంజిన్ ఆయిల్ పోసుకునే డబ్బాలో పొయ్యమనండి.